కాలు ఎక్కువైన అక్షరం

సెప్టెంబరులో ఫోనొస్తుంది.
"రెడ్డెప్పా, దండలేసే రోజు దగ్గరికొచ్చింది."
రెండో నంబరు బ్రష్షు, పావు లీటరు నల్ల ఎనామిలు,
టర్పెంటైను సీసా, మా అవ్వ పాత కోక చించిన పేలికలు.
జయమహల్ దాటి, పీజీ రూముల కాగితాలంటించిన గోడ పక్కన
బస్సు దిగుతాను.

నాకు ఇంగ్లీషు రాదు.
వాన తినేసిన నలుపును గాడిలో మళ్లీ నింపడమే నా పని.
చేతికి తెలుసు, ఇది గుండ్రనిది, ఇది రెండు కాళ్లది,
ఇది పొట్టది.

కాంట్రాక్టరు చెప్పగా విన్నాను.
గుర్రాలతో సహా ఓడెక్కి పోయినారంట.
యాడో సముద్రం ఒడ్డున ఎవరిదో ఊరు,
వీళ్లకు నోరు తిరగని పేరు.
ఈటెలు పట్టుకుని కొండెక్కి, దాన్ని విడిపించినారంట.
వదిలి వచ్చిన ఊరికి
ఇంకా విడుదల లేదన్న సంగతి
కొండెక్కేటప్పుడు ఎవరికైనా గుర్తొచ్చిందో లేదో,
అది రాయిమీద లేదు.

ఈసారి ఆ ఊరినుంచే ఒకామె వచ్చింది.
తెల్లజుట్టు, గుడ్డ బూట్లు,
చేతిలో దండ లేదు, నాలుగు మడతల కాగితం.
పేరు పేరుకూ వేలు పెట్టి చూసుకుంటూ పోయి
పదకొండో వరుస దగ్గర ఆగింది.
దుబాసీ కుర్రాడు నావైపు తిరిగాడు.
"ఇక్కడ పీర్ సాబ్ ఉండాలంట. రీర్ అని ఉంది.
రీర్ అనే మనిషి ఎవరూ చచ్చిపోలేదంట."

వంగి చూశాను.
పొట్ట అక్షరం కింద వాలుగా ఒక కాలు.
చెక్కింది కాదు. పగులు.
ఇరవై రెండేళ్లుగా నేనే, ఏటేటా,
ఆ పగులునిండా నలుపు పోసి
ఆ సవారుకు లేని కాలొకటి తగిలించాను.

"వాళ్ల బళ్లో పిల్లలు ఈ పేర్లు చదువుతారంట.
మీరు ఆయన బంధువులా అని అడుగుతోంది."

ఏం చెప్పేది?
మా వంశంలో గుర్రమెక్కినోడు లేడు.
గుర్రాలకు గడ్డి కోసినోళ్లు ఉండొచ్చు, గడ్డి కోసినోళ్లకు స్తంభాలు లేవు.
పీర్ సాబ్ ఇల్లు ఏ వీధో, ఆ గుమ్మం ఎట్లుంటుందో
నాకేం తెలుసు.
ఆ పేరును మాత్రం ఇరవై రెండుసార్లు తడిపాను.
అవునన్నానో కాదన్నానో,
కుర్రాడు ఆమెకు ఏదో చెప్పాడు.

పేలికకు టర్పెంటైను పట్టించి
ఆ కాలును తుడవసాగాను.
పాత పొరలు గట్టివి, గోటితో గీకాల్సొచ్చింది.
ఎందుకో మెల్లగా గీకాను,
నొప్పెడుతుందేమో అన్నట్టు.

నలుపు పోయింది. పగులు పోలేదు.
ఆమె కాగితం చూసి, రాయి చూసి, తలూపి
అక్షరం పొట్టమీద వేలు పెట్టింది.
పొద్దున వేసిన రంగు, ఇంకా ఆరలేదని
చెప్పేలోపే అంటుకుంది.

టర్పెంటైను సీసా చాపాను. వద్దంది.
ఆ ఒక్క వేలూ
మిగతావాటికి తగలకుండా ఎత్తిపట్టుకుని
కారెక్కింది.