మేకుల దుంగ

రామాయపట్నం చర్చిలో ఆర్గన్‌కు
రెండు బతుకులు.
చెయ్యి తిరిగినవాళ్ళు వస్తే మెట్ల మీద పలుకుతుంది.
ఎవరూ రాని ఆదివారం
పక్కనున్న పిడి తిప్పితే చాలు,
కడుపులో దుంగ తిరిగి తనంతట తనే పలుకుతుంది.

దుంగ నిండా ఇత్తడి మేకులు,
పల్లేరుకాయకు ముళ్ళున్నట్టు.
పది పాటలు. పదకొండోది రాదు.
పెళ్ళికీ ఆ పదే, చావుకీ ఆ పదే.
తిప్పే చెయ్యి నిదానిస్తే చావు,
జోరందుకుంటే పెళ్ళి.

ఓడలో వచ్చిందంటారు, ఏ ఏడో ఎవరికీ తెలీదు.
వచ్చాక మూడో గాలివానకు
తిత్తి చివికిపోయింది, దుంగకు చెమ్మ పట్టింది,
నాలుగో పాటలో పదకొండు మేకులు రాలిపోయాయి.
మద్రాసు మేస్త్రీ తొంభై రూపాయలడిగాడు.
దొరసాని లెక్కల పుస్తకం మూసి
పల్లెకు కబురంపింది:
తోలుపని తెలిసినవాళ్ళెవరు?

మా జకరయ్య తాత వచ్చాడు,
లంద వాసనతో, ఆరెతో, రంపెతో.
ఊళ్ళో ఏ గడపా దాటని సంచిని
బల్ల పక్కనే దించాడు.
తంగేడు చెక్కలో ఊరిన దూడతోలు
మడత మడతకీ ఆముదం రాసి కుట్టాడు.
గాలి నిలిచింది.

మేకులకు మాత్రం ఇత్తడి దొరకలేదు.
చెప్పుల చీలలే కొట్టాడు.
పాత చిల్లు కనబడలేదో
పాటే అట్లా విన్నాడో,
ఒక చీల వెంట్రుకవాసి పక్కకు పడింది.

అప్పట్నించీ నాలుగో పాట మూడో పాదంలో
స్వరం దిగాల్సిన చోట దిగదు,
కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడుతుంది.
దొరసాని చెవులు మూసుకుందట.
జనం అట్లాగే పాడారు,
పిల్లలకూ అట్లాగే పట్టించారు.

మొన్న చెన్నై నుంచి ఒకాయన వచ్చాడు,
తెల్ల గ్లౌజులు, టార్చిలైటు.
దుంగను వేలితో తడిమి లెక్కబెట్టి
"ఈ పదకొండూ ఇనుము. తప్పు. పీకేద్దాం" అన్నాడు.
కమిటీ తలూపింది.
తిత్తి తొక్కీ తొక్కీ మోకాళ్ళరిగిన
మా సువార్తమ్మత్త ఊపలేదు.
"పీకు నాయనా. మా నోళ్ళల్లో ఉండే చీల
ఏ పట్కారుతో పీకతావు?"

ఆయన నవ్వాడు. పిడి తిప్పాడు,
తనకు తెలిసిన పాటే కదా, గొంతూ కలిపాడు.
మూడో పాదం వచ్చింది.
మేమందరం గుమ్మం పట్టుకుని నిలబడ్డాం.
ఆయనొక్కడే
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.