ఇంకొక ల

కిషాదాలో రిజిస్ట్రారు ఆఫీసు
పదిన్నరకే పెనంలా కాలుతుంది.
గాజు కిటికీ వెనక నెవుజమార్.
ముప్పై ఒక్కేళ్ళుగా ఆ ఊరి పిల్లలందరూ
రెండోసారి పుట్టింది ఆవిడ చేతిలోనే.

ఆవిడ పేరూ అతుకే.
వాళ్ళమ్మ నెవుజ, నాన్న ఒస్మార్.
మార్ అంటే వాళ్ళ భాషలో సముద్రం.
వానల్లేని ఆ బ్రెజిల్ మెట్టసీమలో
"సముద్రం చూశారా?" అని అడగనివాడు లేడు.
చూళ్ళేదు.
అది నాన్న పేరులో తోక, అంతే.

సబ్బు కాగితం మీది పేరు రాసింది,
ట్రాక్టరు కంపెనీ పేరు రాసింది,
రేడియోలో సగమే వినబడ్డ
ఎవరో విదేశీ గోల్‌కీపర్ని
వినబడ్డంతవరకూ రాసింది.
మొదట్లో ఇంటికెళ్ళి నవ్వుకునేది.
ఒక్కసారి మాత్రం కుదరదంది:
బ్యాటరీ పేరు, వోల్టులతో సహా.

ఇవాళ జిల్వాన్ వచ్చాడు.
జీడి సొన తిని
వేలిముద్రలు చెరిగిపోయిన చేతుల్లో
బస్సు టికెట్టు.
దాని వెనక, పెన్సిలుతో: జిల్దాల్వా.
తనలోంచి ఒక ముక్క,
భార్య దాల్వనీరాలోంచి ఒక ముక్క.
ఎవరి ముక్క ముందుండాలని
నాలుగు రాత్రుళ్ళు పోట్లాడుకుని
ఐదోనాడు సంధి కుదుర్చుకున్నారట.

"అతుకుల బొంత" అంది వెంట వచ్చిన అత్తగారు.
"పుణ్యాత్ముల పేర్లు కరువయ్యాయా?
ఫ్రాన్సిస్కా అని రాయమ్మా, చల్లగా ఉంటుంది."

జిల్వాన్ టికెట్టు వంకే చూస్తున్నాడు.
"మన సమాధుల తోటలో
ఫ్రాన్సిస్కాలు తొమ్మిదిమంది, అత్తా.
మా పెద్దదాంతో కలిపి.
ఇంతవరకూ ఎవరూ చావని పేరు కావాలి నాకు."

ఫ్యాను తిరుగుతోంది.
క్యూలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
ముసలమ్మ చేతిసంచీలో
లేనిదేదో వెతుకుతోంది.

నెవుజమార్ కలం తీసింది.
జి. ల్. దా.
"ఆగండి" అన్నాడు.
"అక్షరం ఎక్కువైతే డబ్బు ఎక్కువా?"
"అసలు డబ్బే లేదు బాబూ, పుట్టుకకి."
"అయితే ఇంకొక ల వెయ్యండి."
"అది పలకదయ్యా."
"పలకకపోయినా ఉంటుంది కదండీ."

వేసింది.
రూలు పుస్తకం సొరుగులోనే ఉంది,
సొరుగు తియ్యలేదు.
తడి ఆరకముందే పైకి చదివింది,
సరిచూడ్డానికి.
నాలుక ఒకసారి తడబడింది.
ఆ పేరుకి ఇంకా ఏ నోటిలోనూ
దారి పడలేదు మరి.

సంతకం దగ్గర అతను వేలు ఆనించాడు.
పడింది ఒక నీలం మరక,
గీతల్లేకుండా.

బయట ఎండ.
మెట్లు దిగుతూ ముసలమ్మ
ఎవరికీ వినబడకుండా
పేరు నోట్లో తిప్పి చూసుకుంటోంది,
రెండో ల దగ్గర
కాస్త ఆగి.