ఎనిమిదో చోటు

రైలు బుర్హాన్‌పూర్‌లో రెండు నిమిషాలే ఆగుతుంది.
పెట్టెతో, గిఫ్టు ప్యాకెట్టుతో, సగం నిద్రతో దిగడానికి
ఆ రెండూ చాలవు.
తెల్లారుజామున ప్లాట్‌ఫాం మీద
ఇన్సియా తమ్ముడు ముర్తుజా
నా పేరు అట్టముక్క మీద రాసి పట్టుకున్నాడు.
వకుళ అనాల్సింది, బకులా అని.
మూడు రోజులూ ఆ ఇంట్లో నేను బకులానే.

విడిది వాళ్ళ పెదనాన్న పాత ఇంట్లో.
మేడమెట్లు ఎంత నిటారంటే
ఎక్కుతుంటే మోకాలు గడ్డానికి తగులుతుంది.
కిటికీ తెరిస్తే పవర్‌లూమ్‌ల చప్పుడు,
నిద్రలో ఊరు పళ్ళు కొరుకుతున్నట్టు.
"పెళ్ళి మూడు రోజులైనా ఆపమందామా?" అంది పిన్ని.
"ఆపితే పసిపిల్లలు లేస్తారు" అన్నాడు పెదనాన్న.

ఆటో భాగ్‌చంద్ కోట చూపించాడు,
హమాము పైకప్పులో వెలిసిపోతున్న పువ్వులు చూపించాడు.
తపతి అవతలి గట్టుకేసి వేలు చాచి
"రాణిని మొదట అక్కడే పెట్టారు మేడం.
ఆరు నెలలుంచి ఆగ్రా పట్టుకుపోయారు.
పాలరాయి వాళ్ళకి, గొయ్యి మాకు" అన్నాడు.
బాధేం లేదు ఆ గొంతులో.
ఎరువిచ్చిన గిన్నె తిరిగిరాకపోతే
పక్కింటివాళ్ళ గురించి చెప్తామే, అట్లా.

మధ్యాహ్నం కుండీ భండారా.
ఇనుప బోనులాంటి లిఫ్టులో
ఎనభై అడుగుల లోపలికి దించారు.
నాలుగు వందల ఏళ్ళుగా
కొండ కింద నుంచి ఊరివైపు నడుస్తున్న నీళ్ళు.
సున్నం పేరుకుని తెల్లబడ్డ గోడలు,
నీడ కూడా తడిగా ఉంది.
చిన్నప్పుడు ఇన్సియా ఒక బావి గట్టున కూత పెడితే
పక్క బావి దగ్గర ముర్తుజాకి వినపడేదట.
హాస్టల్లో అర్ధరాత్రి గోడ మీద మూడుసార్లు కొట్టి
నన్ను టీకి పిలిచేది.
ఆ అలవాటు ఎక్కడిదో
చీలమండల దాకా నీళ్ళలో నిలబడ్డాక తెలిసింది.

నిఖా మేం చూడలేదు.
మగవాళ్ళంతా మసీదులో.
మేం ఇక్కడ రాలిపోయిన ఒక చెవిదుద్దు కోసం
పరుపులు ఎత్తి వెతుకుతున్నాం.
పెళ్ళికూతురు కూడాను,
గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని
మోచేతుల్తో దుప్పట్లు నెడుతూ.
ఫోన్ మోగింది. పిన్ని విని
"అయిపోయిందట" అంది.
ఏది, అని అడిగాను నేను
మంచం కింద నుంచి.

రాత్రి భోజనాలు.
నేల మీద గుండ్రటి పెద్ద పళ్ళేలు,
పళ్ళేనికి ఎనిమిదిమంది. అదీ లెక్క.
రంగురంగుల రిదాలు గుంపులు గుంపులుగా సర్దుకుంటుంటే
నాది ఏ పళ్ళెమో తెలీక
గోడవార నిలబడి ఫోన్ చూస్తున్నట్టు నటించాను.
"బకులా!"
మేనత్త జుమానా ఫూయీ.
ఆ గొంతు ముందు పవర్‌లూములు దిగదుడుపు.
"ఏడుగురమే ఉన్నాం. నువ్వు రాకపోతే మూత తీయరు."

ఆమె ఎదురుగా ఖాళీ.
కూచుంటుంటే ఎవరో చిన్నపిల్ల
"అది ఇన్సియా దీదీ చోటు కదా" అంది.
ఎవరూ పలకలేదు.
పిన్ని ఆ పిల్ల జడ సరిచేసింది.
హాలు ఆ చివర అత్తవారి పళ్ళెం దగ్గర
బంగారుజరీలో ఇన్సియా,
సిద్ధ్‌పూర్ నుంచి వచ్చిన ఏడుగురు కొత్తవాళ్ళ మధ్య
వెన్ను మరీ నిటారుగా పెట్టి కూచుంది.

ఆ చిన్నపిల్లే ఉప్పుబరిణె తెచ్చింది.
తలా ఒక చిటికె, నాలుక మీద.
ఉప్పు తిన్నాక ఇంకేముంది,
చెప్పిన మాట వినడమే.
ముందు తీపి, తర్వాత కారం, మళ్ళీ తీపి.
నా నాలుకకి ఈ వరస అర్థం కాలేదు.
చెయ్యి మాత్రం అందరి చేతులతో పాటు
బిరియానీ గుట్టని తన వైపు నుంచి తవ్వుకుంటూ పోయింది.

అడుగున మెత్తటి ముక్క ఒకటి బయటపడింది.
జుమానా ఫూయీ పక్కావిడతో
సున్నీకొట్టిన చీరెల ధరలేవో మాట్లాడుతూనే
ఆ ముక్కని పళ్ళెం మీదుగా నా వైపు తోసింది,
తల తిప్పలేదు,
ఆ చోటికి తోయడం
ఆమె వేళ్ళకి ఎప్పటినుంచో అలవాటు.