కొలతల పుస్తకం

మా తాత యెలుగం మొండయ్య
థార్న్‌బీ దొరను ఎన్నడూ చూడలె.
కొత్తవాడ నుంచి ఆయన పోయిన దూరమంతా
కాజీపేట గూడ్స్ షెడ్డు దాక.
అయినా ఆ దొర బతుకు మొత్తం తాతకు ఎరుకే,
అడుగుల్ల, అంగుళాల్ల.

మొదటి ఆర్డరు బొంబాయి సేఠు పట్టుకొచ్చిండు.
ముప్పై రెండు, పద్దెనిమిది. నడుమ దొర ఇంటి ముద్ర:
సింహం ఒళ్లు, పక్షి ముక్కు, కాలి కింద తాళంచెవి.
గసొంటి జీవిని పుట్టించిన బ్రహ్మ ఎవడోనని
తాత రెండు రోజులు పంజా ముట్టలె.
ఆఖరికి ముక్కు పాలపిట్టది పెట్టిండు,
గోర్లు మా వంటింటి పిల్లివి.
నచ్చిందని సీమ నుంచి తారొచ్చింది.

మలయా ఆఫీసుకు ఒక జంపఖానా, సిలోన్‌కు రెండు,
రంగూన్ల బియ్యం మిల్లు కొన్నడని ఇంకోటి.
భూమి మీద ఆ దొర ఎక్కడ కాలు పెట్టినా
కాలు కింద మా ఇంటి నూలే.
గడీ దొరకు వెట్టికి నేసినం,
ఈయన పైసలిచ్చే దొర, అని తాత మురిసేటోడు.

ముప్పై ఆరుల పెండ్లి: తెలుపు, నీలం.
మరుసటేడు నాలుగడుగుల చిన్నది,
ఊయల కింద పరిచెటందుకు.
దానికి కూలి వద్దన్నడట తాత. సేఠు నవ్విండట.
ఎనిమిది నెలలకు కార్డు ముక్క:
ఆ సైజు ఇక పంపవద్దు.
గంతే. కారణం రాయలె.
ఆనాడు మగ్గం గుంతల కాళ్లు పెట్టి
పొద్దుగూకేదాక ఊకెనే కూసున్నడు.
అవ్వ అడిగితే, పోగు తెగిందన్నడు.

యుద్ధంల రంగూన్ పోయింది, మలయా పోయింది.
ఇరవై, పన్నెండు.
పన్నెండు, తొమ్మిది.
పెద్ద హాలు అమ్ముకున్నడని ఎవరూ చెప్పలె,
కొలతే చెప్పింది.
ఆఖరుది ఆరు, మూడు.
మనిషి పండుకుంటే మనిషికే సరి.
కింద గీత గీసి రాసిండ్రు: బొమ్మ వద్దు.

తాత బొమ్మ నెయ్యలె.
ఒక మూలకు తాళంచెవి మాత్రం
చెయ్యి ఆగక నేసిండు.

ఓడెక్కి పోయిన మూట ఓడెక్కి తిరిగొచ్చింది,
మీద ఎర్రసిరా ముద్రలు ఏడు.
తీసుకునేటోడు లేడని
పోస్టుమాస్టరు చదివి చెప్పిండు. పైసలు రాలె.

ఎనుమాముల నుంచి తెచ్చిన మిరపకాయలు
ఇప్పుడు అమ్మ దాని మీదనే ఎండబోస్తది.
ఎత్తినప్పుడల్లా
ఎరుపు కిందికెల్లి తాళంచెవి తేలుతది.
మా చిన్నపిల్ల దాన్ని గోటితో గీకి
ఇది ఏ ఇంటిదని అడుగుతది.
నేను తుమ్మి, మళ్లా తుమ్మి,
సంచి మూతి కడుత.