రకం తెలియని బాణం

తెర మీద ఫెర్రీ అంతా డబ్బాలే.
కెప్టెన్ ఒకటి, ఆటోపైలట్ ఒకటి,
బెర్గెన్‌లో కూర్చున్న కంపెనీ అన్నిటికన్నా పైన.
నడుమ బాణాలు:
ఆజ్ఞలు దిగేవి, కబుర్లు ఎక్కేవి.

లోపమేదీ లేదంది సాఫ్ట్‌వేర్, పచ్చగా.

సున్నీవాకు నమ్మకం కుదరక
జనవరి చీకట్లోనే రేవుకెళ్లింది.
ర్యాంప్ సెన్సర్ మీద మంచు పేరుకుని
తలుపు మూశారని అబద్ధమాడుతోంది.
ఓడ్‌వార్ బూటుతో రెండు తన్ని
"ఇప్పుడు నిజం చెప్తుంది" అన్నాడు.
పదకొండేళ్లుగా ఇంతేనట.
ఎవరూ అడగలేదట.

తిరిగొచ్చి కొత్త డబ్బా గీసింది: బూటు.
బాణం ఏ రకమంది సాఫ్ట్‌వేర్.
ఆజ్ఞా? కబురా?
ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేస్తే
తెరంతా ఎర్రబడింది.

ఉండనీ, అలాగే ఉండనీ.
మార్చిలో ఓడ్‌వార్ రిటైరవుతున్నాడు.