మనోడే

సొహార్‌లో రాత్రి రెండున్నర.
సముద్రం తన ఉప్పు విడిచే చోట,
మంచినీళ్ల ప్లాంటు సర్వర్ గదిలో
స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాను.
బయట ముప్పై నాలుగు డిగ్రీలు.
గాజు తలుపుకు అవతలి వైపు చెమట.

మూడో నంబరు వాల్వు తనంతట తాను మూసుకుంది.
ఎవరు మూయమన్నారని లాగ్ తెరిచి చూస్తే
"నేనే" అంటోంది యంత్రం.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
తనతో తాను మాట్లాడుకోడానికి
పెట్టుకున్న చిరునామా అది.
ఆ మాట ఏ తీగా ఎక్కదు, ఏ గడపా దాటదు.
చిల్లర లెక్కపెట్టుకుంటూ మనిషి
పెదాల్లోనే గొణుక్కున్నట్టు.

ఈ మాట మాత్రం
రెండో కార్డు మీదుగా, వాకిట్లోంచి వచ్చింది.

ప్రోగ్రాం తెరిచాను.
పగలూ రాత్రీ చెవి ఒగ్గి కూర్చునే రకం,
డీమన్ అంటారు. దయ్యమేం కాదు,
జీతం లేని కావలి.
రాసింది ఏలేటి బాల్‌కిషన్.
నాకన్నా ముందు ఈ కుర్చీ అతనిది,
వీసా రద్దయి వెళ్లి నాలుగేళ్లు.
పాస్‌వర్డ్ అడగడం మానేసే వరుస పక్కన
తెలుగు అక్షరాల్లో ఒక్క ముక్క రాసుకున్నాడు:
"127 అయితే మనోడే. అడగొద్దు."

నవ్వొచ్చింది.
ఆ మాట మీదే కదా, మెట్‌పల్లి బస్టాండులో
లక్షా నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చాను,
హెల్పర్ వీసాను టెక్నీషియన్ వీసా అన్న మనిషికి.
నవ్వు ఆగింది.

వాల్వును చేత్తో తిప్పించి
టీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను.
దిల్‌మురాద్ ఎవరినో ఆపి ఉన్నాడు.
మన హెల్మెట్టే, మన జాకెట్టే,
మెడలో మన కార్డే.
"లోపలి మనిషిని భాయ్, నైట్ షిఫ్ట్."
దిల్‌మురాద్ కార్డు చూడలేదు. రిజిస్టర్ చూశాడు.
"నువ్వు పదింటి నుంచీ లోపలే ఉన్నావని ఉంది.
మరి బయట నిలబడింది ఎవరు?"

(నిజంగా లోపలివాడేనని తెల్లారాక తెలిసింది.
షవర్మా కోసం కంచె దూకాడట.
అయినా ఆ తలుపు తెరుచుకోలేదు.)

టీ అక్కడే పెట్టి వచ్చేశాను.
తీగ మీద నుంచి వస్తూ
నూట ఇరవై ఏడు తొడుక్కున్నదెవరైనా
జవాబు కూడా ఇవ్వకుండా గోడ దగ్గరే పారెయ్యమన్నాను.
కెర్నెల్ మామూలుగా చేసే పనే అది.
ఏదో పరీక్ష కోసం ఎవరో అడ్డుకట్ట ఎత్తి
దించడం మరిచారు.
డీమన్ చూస్తే నాలుగు సున్నాల మీద,
అంటే అన్ని కిటికీల్లోనూ చెవి పెట్టుకుని ఉంది.
లాక్కొచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టాను.
ఒక్క నంబరుకే తెలిసిన ఇల్లనుకున్నాడు బాల్‌కిషన్,
ఆ ఇంటికి కోటీ అరవై ఏడు లక్షల నంబర్లు,
ఆపైన కొత్త తరహాలో
రెండు జంట చుక్కలూ ఒకటీ అనే ముద్దుపేరు.
పేర్లను అసలు నమ్మలేదు.
పేరు ఒక ఫైల్లో ఉంటుంది, ఫైలు ఎవరైనా దిద్దొచ్చు.

ఇంతా చేశాక తట్టింది:
లోపల ఉన్నవాళ్లంతా మాత్రం మనవాళ్లేనా?
ఒకే పెట్టెలో ఇరవై ప్రోగ్రాములు కాపురం.
వాటినీ పాస్‌వర్డ్ అడగమన్నాను.

ఈ పెట్టెను రేపు జుబైల్‌కు మోసినా
దాని ఇంటి నంబరు అదే.
లోకల్‌హోస్ట్. స్థానికుడు.
నా కార్డుకు రెండేళ్లకోసారి గడువు.

మాట పంపిందెవరో దొరకలేదు.
బాల్‌కిషన్ వరుస చెరపబుద్ధి కాలేదు.
దాని కింద రాశాను:
"మనోడే కావచ్చు. అయినా అడుగు."

పొద్దున ఆరింటికి బయటికి పోతుంటే
దిల్‌మురాద్ నా కార్డు అడిగాడు.
బల్ల మీద నా టీ గ్లాసు ఖాళీగా ఉంది.
తీసి చూపించాను.