ఫోటోలో కనపడని సగం

ఉన్నది ఒకే ఫోటో.
ఎలీయా మామ కుర్చీలో కూర్చుని
తొడల మీద గిటారు పడుకోబెట్టుకున్నాడు.
ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ,
వెనక పాఅవిలో సహకార దుకాణం మెట్లు.
కుడి ముంజేయి గిటారులో సగాన్ని కప్పేసింది.
కనపడే సగం గుండ్రంగా, కాడ ఉన్న పెనంలా.
పెనమనే పిలిచేవాళ్ళట దాన్ని.
"ఎలీయా, నీ పెనం పట్రా, నాలుగు పాటలు వేయిద్దాం."

సమ్మె జరిగిన ఏడాది బియ్యం కోసం కుదవ పెట్టాడు.
విడిపించలేదు.

నాకు అరవై రెండు.
చక్కెర మిల్లులో కరెంటు పని పంతొమ్మిదేళ్ళు,
చివరి చెరకు లారీ వచ్చి వెళ్ళేదాకా.
ఆ తర్వాత బడి బస్సు.
వడ్రంగం రాదు.

చెక్క ఎక్కడిదంటారా,
మేనేజరు బంగళా పడగొడుతుంటే వీధి తలుపు అడిగి తెచ్చుకున్నాను.
కోఆ మాను తలుపు.
మా అమ్మ ఆ ఇంట్లో పదకొండేళ్ళు బట్టలుతికింది,
పెరటి దారిన వచ్చింది, పెరటి దారినే వెళ్ళింది.
రంపం పెట్టగానే ఘాటుగా ఏదో వాసన లేచింది.
తాళంచెవి బెజ్జం పూడ్చలేదు,
శబ్దం పెంచే మీట అందులోంచే బైటికొస్తుంది.

గీతల లెక్క పక్కింటి నోబుయుకి మాస్టారు చెప్పాడు.
పొడుగుని పదిహేడూ చిల్లరతో భాగించు, అక్కడో గీత.
మిగిలినదాన్ని మళ్ళీ భాగించు, మళ్ళీ గీత.
ఎంత భాగించినా కాస్త మిగులుతూనే ఉంది.
"ఇది అయిపోయే లెక్క కాదమ్మా,
ఇరవై నాలుగు దగ్గర ఆపెయ్" అని కళ్ళద్దాలు తీశాడు.
మెట్లు లేవు దీనికి, తీగ ఎక్కడా చెక్కని తాకదు.
పైన తేలే కడ్డీకి ఇవి దారి గుర్తులంతే,
తెల్ల రంగుతో, రోడ్డు మీద గీసినట్టు.
బస్సు నడిపినదాన్ని, గీతలంటే నమ్మకం నాకు.

అయస్కాంతం పాడైన స్పీకరుది.
రాగితీగ వెంట్రుక కన్నా సన్నం.
కుట్టుమిషను చక్రానికి తగిలించి చుడుతూ
వంద చుట్లకో అగ్గిపుల్ల పక్కన పెట్టాను.
నలభై మూడో పుల్ల దగ్గర
పుటుక్కుమంది.
మా నాన్న పోర్చుగీసు బూతులన్నీ ఆ రాత్రి గుర్తొచ్చాయి.
మళ్ళీ మొదటి పుల్ల.

అన్నీ అయ్యాక కూడా
మామ చేతి కింద సగం మిగిలిపోయింది.
భూతద్దం పెట్టి చూశాను.
చొక్కా మడత. మణికట్టు మీద
గడియారం లేదు, గడియారం ఉండిన తెల్లటి మచ్చ ఉంది.
దాని తర్వాతే గిటారు వంతు వచ్చినట్టుంది.
"ఆ సగం నీ ఇష్టం, ఎవరడుగుతారు?" అంది చెల్లెలు నొహెయా.
నా ముంజేయి అక్కడ ఆనించి
చుట్టూ పెన్సిలు తిప్పాను.
ఆ గుర్తు లోపల ఉలితో కొంచెం లోతు చేశాను.
చెయ్యి పడుకునేంత.

శనివారం రాత్రి స్విచ్చి వేశాను.
పాట రాలేదు.
ఊఁ... అని ఒకటే మోత.
ఎరిగిన మోతే.
ట్రాన్స్‌ఫార్మర్ల గదిలో నాతో రాత్రి డ్యూటీలు చేసిన మోత.
మిల్లు ఆగిన మొదటి రాత్రి అది వినపడక
నిద్రపట్టని ఊరు ఊరంతా వరండాల్లో కూర్చుంది,
ఎవరికీ ఎందుకో తెలియలేదు.

మందు నాకు తెలుసు.
గుర్రం కింద నించి ఒక తీగ లాగి
భూమికి కలపాలి.
కలిపాను.
ఇప్పుడు తీగల మీద చెయ్యి వేస్తే దాదాపు ఊరుకుంటుంది,
తీస్తే మొదలుపెడుతుంది,
నిద్ర నటించే పిల్లాడిలా.
చాలాసేపు వేసి తీసి, వేసి తీసి కూర్చున్నాను.

కడ్డీ నేను సానపట్టిన మిల్లు గొలుసు పిన్ను.
పన్నెండో గీత మీద పెట్టి మీటాను.
కాస్త కిందే పలికింది. పైకి జరిపాను.
జరిపిన ఆ అరంగుళంలో ఒకటి మూలిగి, నవ్వి,
గీత దాటి వెళ్ళిపోయింది.

వంటింట్లోంచి నొహెయా,
"అక్కా, పెనం మాడుతోందా?"

మాడనీ, అన్నాను.